స్క్రీన్ లెఫ్ట్

జనవరి 9, శుక్రవారం

గెలిచాం. భూమేశ్ మోకాలు పోయింది.

జనవరి 10, పొద్దున 6

నిద్ర పట్టలేదు. రాస్తే తగ్గుతుందేమో.

ఇన్నేళ్లుగా నా ఉద్యోగం ఒకటే, బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడటం. చెన్నైలో గార్డ్, బహ్రెయిన్‌లో సెంటర్, ఇక్కడ మస్కట్‌లో ఫార్వర్డ్. అన్నీ వచ్చినవాణ్ణి కనుకే ప్రతి కోచ్ నన్ను ఉంచుకున్నాడు. ఈ సీజన్‌లో భూమేశ్ వచ్చాడు. జగిత్యాల కుర్రాడు. ఈ ఊళ్లోనే ఘాలాలో కన్‌స్ట్రక్షన్ పనికి వచ్చి, లేబర్ క్యాంపు గ్రౌండ్‌లో ఆడుతూ మా కోచ్ కంటబడి, క్లబ్ వీసా మీదికి మారాడు. వాడికీ అన్నీ వచ్చు. మోకాళ్లు కొత్తవి. నన్ను బెంచీ ఎక్కించాడు. పైగా అంతా తేజన్న దగ్గరే, అంటే నా దగ్గరే, నేర్చుకున్నానని అందరికీ చెప్తాడు. ఒళ్లు మండేది.

నిన్న గేమ్ చివర్లో ఇద్దర్నీ కలిపి కోర్టులోకి దించారు. బాల్ ఉన్నవాణ్ణి గార్డ్ చేసేవాడికి పక్కనుంచి అవతలివాడొచ్చి అడ్డంగా నిలబడితే కనపడదు. అదే స్క్రీన్. చూసినవాడు అరిచి చెప్పాలి. భూమేశ్ మీదికి వస్తున్నది చూసింది నేను. ‘స్క్రీన్ లెఫ్ట్’ అంటే చాలు. నోరు తెరిచాను. అనలేదు. భూమేశ్ ఫుల్ స్పీడులో వెళ్లి గుద్దుకున్నాడు.

మర్చిపోయానని రాద్దామనుకున్నాను. ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు.

జనవరి 12

బౌషర్ ఆస్పత్రికి వెళ్లాను. లిగమెంట్ తెగిందట. ఈ సీజన్ లేనట్టే. గోలలో నా అరుపు వినపడలేదని, తప్పు తనదేనని కోచ్‌తో చెప్పాడట భూమేశ్. వాళ్లన్న పేరు నర్సింగ్, ఏదో కంపెనీకి బస్సు నడుపుతాడు, డ్యూటీ మధ్యలో వచ్చాడు. తన తమ్ముణ్ణి చూడటానికి వచ్చానని నాకు చాయ్ తెచ్చిచ్చాడు. తాగాను. సిగ్గులేని మనిషిని.

జనవరి 16

స్టార్టింగ్ ఫైవ్‌లో నేను. బాగా ఆడాను. అది ఇంకా అసహ్యంగా ఉంది.

జనవరి 23

భూమేశ్ క్రచెస్ మీద వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. నా మీదికొచ్చే ప్రతి స్క్రీన్‌నీ వాడే అరిచి చెప్పాడు, గొంతు పోయేదాకా.

బయట పార్కింగ్‌లో ఇక ఆగలేక చెప్పేశాను, ఆ రోజు నేను అసలు అరవలేదని. క్రచ్ సర్దుకున్నాడు.

“తెల్సన్నా. ఎంత లొల్లున్నా నీ గొంతు నాకు ఇనపడ్తది.”

మరి కోచ్‌తో అలా ఎందుకు చెప్పావని అడిగాను.

“ఇద్దర్ల ఒక్కరన్న ఆడాలె గద.”

నర్సింగ్ వచ్చి బస్సెక్కించుకుని పోయాడు. భూమేశ్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జనవరి 29

ఇక ఆడలేడని క్లబ్ భూమేశ్ వీసా క్యాన్సిల్ చేస్తోంది. కోచ్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. రేపు గేమ్ ఉంది, అయ్యాక మాట్లాడదాం అన్నాడు. రేపు కూడా నేనే స్టార్ట్ చెయ్యాలట.

జనవరి 30

భూమేశ్ పొద్దున ఫ్లైట్ ఎక్కాడు.

రెండో క్వార్టర్‌లో ఎడమ పక్కనుంచి స్క్రీన్ వచ్చింది. ఎవరూ అరవలేదు. నాకు కనపడింది. నేను ఆగలేదు, ఫుల్ స్పీడులో వెళ్లాను.