సీసాల్లో మొక్కలు, పెరట్లో చెట్టు

అక్కకు,

నీ ఉత్తరం చూశాను. పేపర్లో మా ల్యాబ్ ఫొటో పడిందని బావ మురిసిపోవడం బాగానే ఉంది. కానీ పెరట్లో పూలచెట్టు కొట్టేస్తాననడం ఏమిటి? "అరుదైన చెట్టని ఇన్నాళ్లూ నన్ను షెడ్డు వేయనివ్వలేదు. ఇప్పుడు మీ చెల్లి సీసాల్లో వేలకు వేలు పుట్టించిందిగా!" అన్నాడట.

పుట్టించిన మాట నిజమే, అదీ మీ చెట్టు చిగురు ముక్కల నుంచే. సీసాలో ఉన్నంతకాలం పచ్చగా కళకళలాడతాయి. తీసి మట్టిలో పెడితే చాలు, వడలిపోతాయి. ఇంతవరకు ఒక్కటీ నిలదొక్కుకోలేదు. ఆ సంగతి పేపరువాళ్లు అడగలేదు, మా పెద్దసారు చెప్పలేదు. మిగిలిన సీసాలకు మొన్న బూజు పట్టింది. మళ్లీ మొదలుపెట్టాలంటే చిగుళ్లకు మీ చెట్టొక్కటే దిక్కు. మాకు తెలిసి ఇంకోటి లేదు.

ఇదంతా బావకు చెప్పకు. ఆయన నోట్లో మాట దాగదు. పెద్దసారుకు సన్మానం జరగబోతోంది, ఈలోగా బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది.

రంపం మొద్దుబారిందని బావతో అని, నాకు పంపించు. పదును పెట్టించి ఇస్తాను. ఇక్కడ ఆ పని చేసే ఆయన మహా నిదానం మనిషి.

నీ చెల్లెలు