గోడ మీద ఫోన్

నవంబర్ 3
కోదాడ కాలేజీలో గైడ్ సార్ నా హెచ్‌సీఐ ప్రాజెక్టుకు, అంటే మనుషులకు యాప్ ఎంత సులువో చూసే పనికి, ఓకే అన్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లులో కూలీలు హాజరు వేసుకునే యాప్ నేనే డిజైన్ చేశాను. ఎనిమిది మంది ఆడవాళ్లతో టెస్ట్ చేయాలి. రిపోర్ట్ బాగుంటే ఒకటో తారీఖు నుంచి రిజిస్టర్ తీసేస్తారు. యాప్‌లో హాజరు పడకపోతే ఆ రోజు పని లేదు.

నవంబర్ 6
మొదట సోమమ్మ. నాలుగు నిమిషాలు తంటాలు పడింది. థింక్ అలౌడ్ పద్ధతి కదా, మనసులో అనుకునేది పైకి చెప్పమన్నాను. నీ ఫోన్‌కు నేనేం పాపం చేసిన బిడ్డా అంది. అదే రాసుకున్నాను.

నవంబర్ 7
మిగతా ఏడుగురూ ఇరవై సెకన్లలో ముగించారు. ఒక్క తప్పు లేదు. పొంగిపోయాను.
తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేట బస్సులో రికార్డింగులు విన్నాక పొంగు చల్లారింది. అందరిదీ ఒకటే మాట: ఇగ పైన పచ్చ బటన్ ఒత్తుతున్న. ఏడుగురు మనుషులు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఆలోచిస్తారా? ఎవరో నేర్పించారు. సూపర్‌వైజర్ తిరుపతే అయ్యుంటాడు. యాప్ రావాలని తొందర అతనికే. అడగకుండానే చాయ్ పంపించినప్పుడే అనుకోవాల్సింది.

నవంబర్ 8
సార్‌కు చెప్పాను. డేటా బాగుంది కదా, గ్రాఫ్ వేసెయ్ అన్నారు. ఇప్పుడు సార్ మీద కూడా అనుమానమే.

నవంబర్ 10, మధ్యాహ్నం 12
చెప్పకుండా పచ్చ బటన్‌ను కిందికి జరిపాను. ఆ ఏడుగురిలో ఒకామె, సాలి, పైన ఖాళీ జాగాలో వేలు పెట్టి ఒత్తింది. మళ్లీ మళ్లీ ఒత్తింది. నోరు మాత్రం పచ్చ బటన్ ఒత్తుతున్న అంటూనే ఉంది. తర్వాత ఏడ్చింది. ఫేలైతే పనిలకెల్లి తీసేస్తరట గదా, కళ్లద్దాల మేడం, అంది.
పరీక్ష మీకు కాదు, యాప్‌కు అని మొదలుపెట్టే ముందు చదివి వినిపించాలి. మా మొదటి పాఠమే అది. నేను మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం 4
నేర్పింది తిరుపతి కాదు, సోమమ్మ అని సాలి చెప్పింది. గోదాము వెనక గోడ మీద సుద్దతో ఫోన్ గీసి, అందరి వేళ్లూ పట్టి దిద్దించిందట. సోమమ్మే తీసుకెళ్లి చూపించింది. అన్ని బటన్లూ సరైన చోటే ఉన్నాయి. కింద మూలన నా యాప్‌లో లేనిది ఒకటుంది, చిన్న మనిషి బొమ్మ. ఇదేంటని అడిగాను. ఫోన్ ఇనకపోతే మనిషిని పిలవద్దా అంది.

నవంబర్ 11
సార్‌కూ మిల్లుకూ రిపోర్ట్ పంపించాను. డిజైన్ ఫెయిల్, రిజిస్టర్ తీయొద్దు. సార్ ఫోన్ ఎత్తడం లేదు.

డిసెంబర్ 1
రిజిస్టర్ గేటు దగ్గరే ఉంది. సోమమ్మ గోడ మీద ఫోన్ తుడిచేసింది. మనిషి బొమ్మను మాత్రం ఉంచింది. దానికిప్పుడు కళ్లద్దాలున్నాయి. నావేనని అనుమానం.