కాలువలో వదిలిన పుస్తకం

శనివారం రాత్రి.

పేజీలూడిన స్తోత్రాల పుస్తకాన్ని చెత్తలో వేయడానికి మనసొప్పక, పోయిన నెల కుంకుమ పెట్టి నేనే కాలువలో వదిలాను. నేను పనిచేసే లైబ్రరీకీ చుట్టుపక్కల లైబ్రరీలకూ ఉమ్మడిగా ఉన్న ఆన్‌లైన్ కేటలాగులోంచి దాని పేరు తీసేయడం మరిచాను. ఇవాళ తీసేద్దామని తెరిస్తే, అది పక్క ఊరు హచ్చొళ్ళి లైబ్రరీకి వాపసు వచ్చినట్టు చూపించింది.

అక్కడ పనిచేసే గంగమ్మకు ఫోన్ చేశాను.

"ఎవరో ముసలామె ఇచ్చిపోయినాదక్కా. మీ లైబ్రరీ ముద్రే ఉండాది. అట్టమీద కుంకుమ గూడా ఉండాది."

"తడిసిందా? చినిగిందా?"

"యాడ చినిగిందక్కా! కొత్తదాని మాదిరి ఉండాది. నీకేమన్నా జొరమా? సోమవారం బస్సులో పంపిస్తా."

వద్దు, అక్కడే ఉండనీ అన్నాను. దేవుడు బాగుచేసి పంపినదాన్ని నేను కాదన్నానా? పంపింది దేవుడు కాకపోతే...

దీపం ముందు కూర్చున్నాను. ఏమని మొక్కుకోవాలో తెలియడం లేదు.