ఇన్‌స్పెక్టరుగారికి ఒక కర్ర

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవించి రాసేది. నేను కులాసా. మీ అక్క కూడా కులాసాగానే ఉండి ఉంటుంది. మీ పెద్దక్కయ్యకు కంటి ఆపరేషనని తోడు వెళ్ళి, అక్కడ ఇల్లంతా సర్దేస్తోందని కబురు. ఇక వాళ్ళ సామాన్లు వాళ్ళకు దొరకవు.

అసలు సంగతికి వస్తాను. వెళ్తూ వెళ్తూ మీ అక్క నాకు ఇల్లు అప్పజెప్పలేదు, బీరువా తాళాలు అప్పజెప్పలేదు. చేపల తొట్టె అప్పజెప్పింది. అందులో ఉన్న ఏకైక జీవిని నువ్వెరుగుదువు, నీ దుకాణంలోంచి వచ్చిందే. అద్దానికి నోరు అతికించి నాలుగు గోడలూ తనిఖీ చేస్తూ తిరుగుతుంది కనక మీ అక్క దానికి ఇన్‌స్పెక్టరుగారని పేరు పెట్టుకుంది. పొద్దున్నే నాకు టీ ఇవ్వడం మరుస్తుంది కాని ఆయనగారి మేత మరవదు. "నేనొచ్చేసరికి దీనికేమైనా అయిందో, వెనక్కి తిరిగి అక్కయ్య ఇంటికే పోతాను" అని గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ బెదిరింపుకీ మాటకీ తేడా నాకు తెలుసు. ఇది మాటే.

ఈ జాతి చేపకు గీక్కు తినడానికి తొట్టెలో కర్ర ఉండాలని నువ్వు చెప్పావట. చేపకు ఫర్నిచరేమిటని ఇన్నాళ్ళూ నవ్వాను. మొన్న వరద తీశాక ఏటి ఒడ్డున నడుస్తుంటే జింక కొమ్ములాంటి కర్ర ఒకటి కాలికి తగిలింది. మీ అక్క వచ్చి చూసి ఆశ్చర్యపోవాలి. జన్మంతా బీరువాలకూ కుర్చీలకూ పాలిష్ పెట్టి బతికినవాణ్ణి, కర్ర సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఒకసారి ఒక జడ్జీగారి భోజనాల బల్లకు... సరే, అది పెద్ద కథ, ఇంకో ఉత్తరంలో.

ఇట్లు,
మీ బావ

తా.క.: కర్రకు లక్క పాలిష్ రెండు పూతలు పెట్టేశాను. మొహం చూసుకోవచ్చు. బాగా ఆరాక తొట్టెలో దించుతాను.

*

బావగారికి నమస్కారాలు.

ఆగండి! దించకండి! ఈ ఉత్తరం అందేసరికే దించేసి ఉంటే వెంటనే తీసేయండి. పాలిష్ నీళ్ళలో కరిగితే చేప బతకదు. ఆ కర్ర ఇక గీకినా కడిగినా పనికిరాదు. గోడకు కొట్టి టోపీలు తగిలించుకోండి.

ఇంకోటి వెతకండి. గట్టి కర్ర కావాలి. గోరు గుచ్చితే దిగకూడదు, బంక కారకూడదు. మట్టీ బెరడూ పోయేదాకా బ్రష్‌తో రుద్దండి. సబ్బు తగలనివ్వద్దు. తర్వాత బాగా ఉడకబెట్టండి. లోపలి పురుగూ పుట్రా చస్తాయి. ఆ తర్వాత విడిగా వేరే నీళ్ళ తొట్టిలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండండి. దానంతట అది మునిగినప్పుడే చేప దగ్గరికి చేర్చాలి.

మీ
బావమరిది

తా.క.: పాలిష్ డబ్బా అటకమీద పెట్టి నిచ్చెన ఎవరికైనా ఇచ్చేయండి.

*

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం దేవుడల్లే వచ్చింది. కర్ర చేతిలో, చెయ్యి తొట్టె మీద, అప్పుడు పోస్టుమాన్ గంట కొట్టాడు. ఇన్‌స్పెక్టరుగారి ఆయుష్షు గట్టిది.

పాత కర్ర వసారాలో తగిలించాను, వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు. ఇంకోటి దొరికింది. గోరు గుచ్చితే గోరే విరిగింది. రుద్దాను. ఉడకబెడదామంటే ఇంట్లో ఏ గిన్నెలోనూ పట్టదు. చాకలాయన దగ్గర బట్టలు ఉడికించే గుండిగ అడిగి తెచ్చి, పెరట్లో మూడు రాళ్ళు పేర్చి, ముందు తలవైపు, తర్వాత కాళ్ళవైపు ఉడికించాను. ఇంటి పెరట్లో మగవాడు గుండిగ దగ్గర గరిటె పట్టుకుని నిలబడితే వీధి ఊరుకుంటుందా? "ఎవరికండీ భోజనాలు?" అని ఒకరు, "మమ్మల్ని పిలవలేదే" అని ఒకరు. కర్ర ఉడికిస్తున్నానంటే మీ అక్క లేక నాకు మతి చెడిందని నిర్ణయించుకుని ఎదురింటావిడ నాకు అన్నం పంపించింది. తిన్నాను. బాగుంది.

నీళ్ళు మాత్రం చిక్కటి డికాక్షన్‌లా దిగాయి. పక్కింటి కాంపౌండరుగారు వాసన చూసి "ఇది మోకాళ్ళకు మందయ్యా" అని చెంబుతో పట్టుకెళ్ళాడు. కాళ్ళకు పోసుకుని, ఇప్పుడు మెట్లెక్కుతున్నానని అందరికీ చెబుతున్నాడు. పొద్దున్నే గేటు దగ్గర చెంబులు వరసలో ఉన్నాయి. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు.

మీ బావ

తా.క.: నానబెడితే బాతులా తేలుతోంది. అందుకని దానిమీద మీ అక్క ఇస్త్రీపెట్టె పెట్టాను. చక్కగా మునిగింది.

*

బావగారూ,

నమస్కారాలు తర్వాత. ఇస్త్రీపెట్టె తీసేయండి! తుప్పు నీళ్ళలోకి దిగుతుంది. పైగా అది అక్కది. చేపకంటే ముందు మన పని అవుతుంది. ఒక నున్నటి రాయి పెట్టండి.

గోధుమరంగుకు భయపడకండి, అది కర్రలోని వగరు. నీళ్ళు మారుస్తుంటే పలచబడుతుంది, మిగిలిన కాస్తా చేపకు హాని చెయ్యదు. తొట్టెలో పెట్టాక కర్ర మీద దూదిలాంటి తెల్లటి జిగురు వస్తుంది. అదీ మామూలే. ఒకసారి దించాక మాటిమాటికీ తీసి చూడకండి, అసలు కదపకండి.

మీ
బావమరిది

తా.క.: ఆ నీళ్ళు ఎవరినీ తాగనివ్వకండి. కాళ్ళకు పోసుకుంటే పోసుకోనివ్వండి, నమ్మకం వాళ్ళిష్టం.

*

బావమరిదీ,

ఆశీర్వాదాలు రాసే ఓపిక లేదు. కొంప మునిగింది.

నువ్వు చెప్పినట్టే అంతా చేశాను. నీళ్ళు మార్చి మార్చి నా నడుం వంగింది. కర్ర దానంతట అదే మునిగింది. తొట్టెలోకి దించాను. మర్నాడు నువ్వన్న తెల్లటి జిగురు వచ్చింది. ఆ మర్నాడు చూస్తే జిగురు లేదు. ఇన్‌స్పెక్టరుగారూ లేరు!

ఆలోచించగా నాకు తోచిందిది. ఆ జిగురు రాత్రికి రాత్రి ఆయన్ని తినేసి, అరక్క అదీ పోయింది. కాదంటావా? తొట్టె వెనకా, బల్ల కిందా, నా చెప్పుల్లో కూడా వెతికాను. కాంపౌండరుగారి పిల్లి మీసాలు తుడుచుకుంటూ పోతుంటే నా కంగారులో దాన్ని కూడా నిలదీశాను. కాంపౌండరుగారు నొచ్చుకుని చెంబు పట్టుకుని వెళ్ళిపోయాడు. కర్ర కదపొద్దన్నావు గనక కదపలేదు. కదిపి మాత్రం ఏం లాభం, పోయిన ప్రాణం వస్తుందా?

మీ అక్క బుధవారం బండికి దిగుతోంది. ఆవిడ లేకుండా ఈ ఇంట్లో గడియారం చప్పుడు కూడా వినపడుతోందోయ్. మళ్ళీ వెళ్ళిపోతే నేను ఉండలేను. అచ్చు అలాంటిదే ఇంకోటి పంపు. నీ కాళ్ళు పట్టుకోవడానికి వయసు అడ్డం గాని, పట్టుకున్నాననే అనుకో.

మీ బావ

తా.క.: మేత గింజలు వేసి పిలిచాను. పలకలేదు.

*

బావగారికి,

బస్సు కండక్టరు చేతికి నీళ్ళ సంచీ ఇచ్చి పంపుతున్నాను. గాలి నింపే కట్టాను. నా దుకాణంలో ఆ పోలికకు దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. కాస్త బలిష్ఠంగా ఉంటుంది. అక్క అడిగితే కర్ర గీకి ఒళ్ళు చేసిందనండి. సంచీని తొట్టె నీళ్ళలో కాసేపు తేలనిచ్చి, నెమ్మదిగా వదలండి. ఆ తర్వాత దయచేసి ఎక్కువ మాట్లాడకండి. మీరు రెండో మాట మాట్లాడితే దొరికిపోతాం.

మీ
బావమరిది

తా.క.: దొరికితే నా పేరు చెప్పకండి. నేనూ ఆవిడ చేతి మొట్టికాయలు తిని పెరిగినవాణ్ణే.

*

ఒరేయ్ తమ్ముడూ,

అక్క దీవెనలు. నేను క్షేమంగా ఇల్లు చేరాను. పెద్దక్కకు కళ్ళు శుభ్రంగా కనిపిస్తున్నాయి. నాకు ఇంకా శుభ్రంగా కనిపిస్తున్నాయి. అందుకే అడుగుతున్నాను, నా తొట్టెలో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లెందుకున్నారు?

గుమ్మంలో అడుగుపెట్టగానే అద్దానికి ఎవరో బండ శాల్తీ అతుక్కుని ఉంది. ఇది నాది కాదే అనుకుంటూ సంచీ దించి "ఏరా నాన్నా!" అన్నానో లేదో, కర్ర అడుగున తొర్రలోంచి నా ఇన్‌స్పెక్టరుగారు నింపాదిగా బయటికొచ్చారు. మీ బావ మొహం చూడాలి! వంగి రెంటినీ వేలితో లెక్కపెట్టారు. తర్వాత "పురుడొచ్చిందే" అన్నారు. ఒంటరి చేపకు పురుడేమిటండీ అంటే "కాలం మారింది" అన్నారు. పిల్ల తల్లికన్నా బెత్తెడు పొడుగుందేమంటే "మీ పుట్టింటి పోలిక" అన్నారు. అంతలోనే కుర్చీలో కూలబడి, కండువాతో కళ్ళు తుడుచుకుని, పాలిష్ దగ్గర్నుంచి పిల్లి దాకా అంతా కక్కేశారు. నేను మళ్ళీ వెళ్ళిపోతానని తిండి కూడా సరిగా తినలేదటరా పిచ్చాయన. ఎక్కడికి పోతాను? తిట్టాల్సినవి తిట్టి, వేడిగా వండి పెట్టాను. కాంపౌండరుగారి పిల్లికి పాలు పోసి రాజీ చేసుకొచ్చాను.

ఆ జిగురంతా రాత్రిళ్ళు మన ఇన్‌స్పెక్టరే నాకేసి, పగలు తొర్రలో పడుకున్నారన్నమాట. అయినా ఇన్నాళ్ళూ అద్దం వదలని చేప పగలంతా ఎందుకు దాక్కుందా అనుకున్నాను. ఇవాళ పొద్దున తెలిసింది. మీ బావ తొట్టె ముందు కుర్చీ వేసుకుని, "అసలు ఆ జడ్జీగారి బల్లకు ఏమైందంటేనోయ్" అని మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు గిరుక్కున తిరిగి తొర్రలో దూరారు. పాపం, ఇన్నాళ్ళూ దాక్కునే చోటు లేక విన్నారు! కొత్తదానికింకా తెలియదు, అద్దానికి అతుక్కుని వింటోంది. రెంటినీ ఉంచేసుకుంటాను.

ఇట్లు,
మీ అక్క

తా.క.: అలాంటి తొర్ర ఉన్న కర్ర నా కొలతకు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు. ఉడకబెట్టడం, నానబెట్టడం నేను చేసుకుంటాను.