పుస్తకంలో లేని మాట

షామ్‌బర్గ్,
12 నవంబరు 1983

బావగారికి,

నాటకం అయ్యాక సుగుణ ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయిందని రాశాను. అందులో కొంత దాచాను. అత్తయ్యగారికి చెప్పాలో లేదో మీరే నిర్ణయించండి.

మా తెలుగు సంఘం నాటకం యుద్ధకాలంలో, మిలిటరీ ఆసుపత్రిలో జరుగుతుంది. మీ చెల్లెలు నర్సు వేసింది. నేను తెర పక్కన నాటకం పుస్తకం పట్టుకుని ప్రాంప్టింగ్ చేశాను.

చివరి సీనులో, గాయపడిన సిపాయి మంచం దగ్గర, ఆమె గుండె పట్టుకుని ఆగిపోయింది. డైలాగు మరిచిందనుకుని, "ఎవరైనా డాక్టర్‌ని పిలవండి" అని మూడుసార్లు అందించాను. ముందు వరుసలో మన డాక్టర్లే ఆరుగురున్నారు.

ఆమె నావైపు తిరిగి, "ఏమండీ, డాక్టర్‌ని పిలవండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

పుస్తకంలో "ఏమండీ" లేదు. పొరపాటున అందనుకుని పేజీ తిప్పాను.

మీ చెల్లెలి భర్త