నలభై ఒకటో కవరు

ముప్పై నాలుగేళ్లు ఊపిరితిత్తుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన నేను, రోగులు "నంబర్ల సిస్టర్" అని పిలుచుకున్నదాన్ని, నా చేత్తో నేనే రాసుకుంటున్న కాగితమిది. ఎవరి బలవంతమూ లేదు. మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు జతపరిచాను. స్థిమితంగా ఉన్న మతికి కూడా తేలని సంగతి ఒకటి మూడో అంశంలో ఉంది. దాన్ని నాలుగుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. నా తదనంతరం వీటిని అమలు జరిపే బాధ్యత మా కింది వాటాలో మందుల షాపు నడిపే ఆయనది.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఫ్లాటు, కుట్టుమిషనుతో సహా, చనిపోయిన మా అక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. మిషను బెల్టు జారుతుంది, ఎడమచేత్తో కాస్త తోస్తే దారికొస్తుంది. ఆమె నాతో మాట్లాడి పందొమ్మిదేళ్లయింది. ఇల్లు వద్దంటే కొన్నాళ్లు తాళం వేసి ఉంచండి. మనసు మార్చుకునే మనిషే. మార్చుకుంటుందనే అనుకుంటున్నాను.

2. అప్పటి మా హెడ్‌నర్సుగారికి, మా వార్డులో చేసిన పరిశోధన అచ్చయిన వైద్య పత్రిక ఇవ్వాలి. "దిండ్లు సర్దుకోక నర్సులకి పరిశోధనలెందుకమ్మా" అని ఆవిడ పదిమందిలో అన్నారు. చివరి పేజీలో, చిన్న అక్షరాలైనా, నా పేరుంది. భూతద్దం కూడా ఇవ్వండి. వెక్కిరింపుకి కాదు, ఆవిడ చూపు నిజంగానే మందగించింది. సరే, కొంచెం వెక్కిరింపుకే.

3. ఇది ఆస్తి కాదు. జబ్బు ముదిరి ఆయాసపడే వాళ్లకి ముఖం దగ్గర బ్యాటరీతో తిరిగే చిన్న చేతి ఫ్యాను పెడితే ఊపిరి తేలికవుతుందా అన్నది మా పరిశోధన. సగంమందికి ఫ్యాను, సగంమందికి మామూలు వైద్యమే. ఎవరికి ఏదన్నది, చీటీ తీసినట్టు, అంటించిన కవరు తేలుస్తుంది. కవరు తెరిచేదీ నేనే, "సున్నా నుంచి పది దాకా ఎంత ఆయాసంగా ఉంది?" అని పూటపూటా అడిగి రాసుకునేదీ నేనే.

నలభై ఒకటో కవరు మా అక్కది. అప్పుడు మా వార్డులోనే ఉంది, పరిశోధనలో తనే చేరతానంది. తెరిస్తే, ఫ్యాను లేదు.

"పిన్నీ, బీరువా నిండా ఫ్యాన్లున్నాయి. ఒకటిస్తే ఏం పోతుంది?" అంది అక్క కూతురు.

"ఇవ్వకూడదమ్మా, పరిశోధన పాడవుతుంది" అన్నాను.

"అయితే మా అమ్మ నీకు ఒక నంబరన్నమాట."

మూడో రోజు మధ్యాహ్నం తను బట్టలు తేవడానికి ఇంటికెళ్లింది. నేను తలుపు దగ్గరకి వేసి, కేస్ షీట్ల అట్టతో అక్కకి గంటసేపు విసిరాను. "హాయిగా ఉందే, ఆపకు" అంది. పొద్దున ఎనిమిది చెప్పిన మనిషి సాయంత్రం నాలుగు చెప్పింది. నాలుగే రాశాను. విసిరానని మాత్రం రాయలేదు. ఆ అంకె చూస్తే, పరిశోధన పాడుచేశానని భయమేసింది. మర్నాడు అక్క నా చేతివంక చూసింది. నేను విసరలేదు, తను అడగలేదు. మరో పదకొండు రోజులకి పోయింది.

ఫ్యాను మేలు చేస్తుందని పరిశోధన తేల్చింది. ఇప్పుడు ఆ వార్డులో ప్రతి మంచానికీ ఒకటుంది. కానీ అక్క చెప్పిన నాలుగు గాలి వల్లా, లేక ఆ మూడు రోజుల్లో మొదటిసారి నేను పక్కన కూర్చున్నందువల్లా? నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

పోయిన నెల పరిశోధన నడిపిన పెద్ద డాక్టరుగారికి అంతా ఉత్తరం రాశాను. ఆయన ఫోన్ చేశారు. "ఆ ఒక్కటీ తీసేసి మళ్లీ లెక్క వేయించాను సిస్టర్. ఫలితం మారలేదు. పత్రికకి కూడా రాస్తాను. ఇన్నేళ్లూ దీనికా బాధపడ్డారు?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక థాంక్స్ చెప్పి పెట్టేశాను.

అక్క కూతురికి మాత్రం చెప్పలేదు. విసిరానంటే దాని మనసు కుదుటపడుతుందా? లేక, విసరగలిగినదానివి మిగతా రోజులు ఎందుకు విసరలేదని అడుగుతుందా?

4. యూనిఫారానికి తగిలించుకునే నా గడియారం, ఇప్పుడు ఆ వార్డులో కొత్త పరిశోధనలు చూసే నర్సమ్మకి. షరతు ఒకటే: మీవాళ్లెవరైనా రోగిగా వస్తే కవరు మీరు తెరవకండి. ఇంకొకరిని పిలవండి.

5. ఈ పొద్దున, ఇక్కడిదాకా రాశాక, అక్క కూతురికి ఫోన్ చేశాను.

"ఎవరు?" అంది.

"పిన్నినే."

పెట్టేసిందనుకున్నాను.

"ఆదివారం వస్తాను. ఎక్కువసేపు ఉండను" అంది.

ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. చెప్పగలిగితే మూడో అంశాన్ని నా చేత్తోనే అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం చేస్తాను. కొట్టేసి లేకపోతే, ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేకపోయానని అర్థం. అప్పుడు మందుల షాపాయన దాన్ని ఆమె ఒక్కదానికే, మెల్లగా, చదివి వినిపించాలి.

2019 మార్చి 14, గురువారం.

(సంతకం) నంబర్ల సిస్టర్

సాక్షులు:
1. వార్డులో స్ట్రెచర్ తోసే పెద్దాయన
2. పై వాటాలో ఉండే లెక్కల టీచరుగారు