ఫ్రీజరులో మిగిలిన నీ రక్తం

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఎల్లుండి హైదరాబాదులో మందుల కంపెనీలో చేరుతున్నాను. ఇన్నేళ్ల పీహెచ్‌డీలో మన ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చలేకపోయాను. ల్యాబ్ వదిలేముందు ఫ్రీజరులోని రక్తం గొట్టాలన్నీ పారేయమన్నారు మా సార్.

రక్తం తీసుకోడానికి నేను మన ఊరొచ్చిన రోజు జీడితోటలో తువ్వాలుతో జబ్బ కట్టుకుని ముందు నువ్వే చెయ్యి చాపావు. "మన పిల్ల కనిపెట్టేత్తది, రండర్రా!" అని ఊరందరినీ పిలిచావు.

అందరివీ పారేశాను. నీ గొట్టం చేతిలో ఉండగా అత్త ఫోను చేసింది.

"పలాసలో సూపించుకున్నానే. నాకూ అదే కిడ్నీ జబ్బంట. మావ నెత్తుర్లో ఏటైనా దొరికిందా?"

"ఇంకా సూత్తన్నానత్తా," అన్నాను.

ఫోను పెట్టేసరికి, మూసిన గుప్పిట్లో నీ రక్తం కరిగి, నా ఒంటి వేడికి వచ్చేసింది.